మసిగుడ్డ చెప్పిన సాక్ష్యం

(కాకినాడలో కార్మిక సంఘాల కార్యకర్తలు, న్యాయవాదులు, వైద్య విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక వృత్తి ఆరోగ్య వైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవారికి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఆస్బెస్టాస్ జబ్బుల కేసుల్లో ఎప్పుడో పాతికేళ్ళ కిందటి పనిని ఎలా నిరూపించాలి, దాని గురించి చెప్పమని నన్ను పిలిచారు. సెక్షన్ల దగ్గర మొదలుపెట్టవచ్చు. కానీ ఈ పని నాకు నేర్పింది ఒక వంటిల్లు. అక్కడి నుంచే వస్తాను.

చాలా ఏళ్ళ కిందట మన డెల్టాలోనే ఒక ఊరు వెళ్ళాను. ఊరి పేరూ మనిషి పేరూ చెప్పను. ఆయన ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయాసం. కాలవగట్టు ఎక్కితే కూలబడిపోతున్నారు. రెండుసార్లు టీబీ మందులు పూర్తి కోర్సు వాడించారు, కఫం పరీక్షలో మాత్రం టీబీ క్రిమి ఏనాడూ కనబడలేదు. చివరికి సీటీ స్కాన్ తీస్తే రెండు ఊపిరితిత్తుల కింది భాగాల్లోనూ మచ్చకట్టిన గీతలున్నాయి. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీద, వాటి కింద ఉండే కండరం డయాఫ్రం మీద సున్నం పేరుకున్న పలకలున్నాయి. ఆ ఫిల్ము చూసిన వైద్యుడికి రాతినార, అంటే ఆస్బెస్టాస్, గుర్తుకు రావాలి. కానీ యాజమాన్యం ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్‌లో "స్టోర్ హెల్పర్" అని ఉంది. స్టోరులో కూర్చుని సామాను అందించే మనిషికి బాయిలర్ దగ్గరి రాతినార దుమ్ము ఎక్కడిదని వాళ్ళ ప్రశ్న.

నేను రెండు గంటలు అడిగాను. బాయిలర్ దగ్గర పనిచేశారా అంటే "లేదండి" అన్నారు. ఆస్బెస్టాస్ ముట్టుకున్నారా అంటే "ఆ పేరే ఎరగనండి" అన్నారు. ఇంక నోట్‌బుక్ మూసేశాను. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటున్న ఆయన భార్య అప్పుడన్నారు: "బాబూ, మీరడిగేది ఆ తెల్లగుడ్డ సంగతా? నిప్పుకి కాలదు, అదేనా? ఈయన ముక్కలు తెచ్చిస్తే నేను మసిగుడ్డలు కుట్టుకునేదాన్నండి. గుండిగ దించుకోడానికి ఎంత బాగుండేదో."

ఆ మాటతో ఆయనకి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. గుడ్డ థానుల్లో వచ్చేది, తాడు చుట్టలుగా వచ్చేది. ఫిట్టరు చీటీ పట్టుకొస్తే కొలిచి, కత్తితో కోసి ఇచ్చేది ఈయనే. గొట్టాలకి పూసే తెల్లపిండి బస్తా విప్పి తూకం వేసేది ఈయనే. సాయంత్రం పొడి చీపురుతో కొట్టు ఊడ్చేదీ ఈయనే. కిటికీలు లేని గది, ఎలుకలు రాకుండా తలుపు వేసే ఉంచేవారట. అలా 11 ఏళ్ళు.

నేను హోదా అడిగినంతసేపూ ఏమీ దొరకలేదు. చేతులు ఏం చేశాయో తెలిశాక కేసంతా దొరికింది. ఈవేళ నేను చెప్పే మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఈ జబ్బులకి ఇంత తవ్వకం ఎందుకంటే, కారణానికీ జబ్బుకీ మధ్య ఒక తరం గడిచిపోతుంది. యంత్రంలో చెయ్యి పడితే ఆ క్షణాన రక్తం, సాక్షులు, ఆస్పత్రి చీటీ అన్నీ ఉంటాయి. రాతినార పోగు ఊపిరితో లోపలికి వెళితే దగ్గు కూడా రాదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ బయటపడటానికి సాధారణంగా పదేళ్ళో ఇరవై ఏళ్ళో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కనీసం పదేళ్ళు. పొరకి వచ్చే క్యాన్సర్ మీసోథీలియోమాకి తరచుగా ముప్పై నలభై ఏళ్ళు. ఈలోగా ఫ్యాక్టరీ చేతులు మారుతుంది, మూతపడుతుంది, మస్టర్ రోళ్ళు చెదలు తినేస్తాయి, మేస్త్రీ చనిపోతాడు. కంట్రాక్టరు ఎవరో పిల్లలకి కూడా తెలియదు.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణంలో నెల్లీ కెర్షా అనే మిల్లు కార్మికురాలు 1924లో 33 ఏళ్ళకే చనిపోయింది. బతికుండగా పరిహారం అడిగితే యాజమాన్యం ఇవ్వనంది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ అదే ఏడాది వైద్య పత్రికలో ఆ సంగతి రాశాడు. తరువాత మూడేళ్ళకి జబ్బుకి ఆస్బెస్టోసిస్ అని పేరు పెట్టాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు అధికారులు అక్కడి మిల్లులు తిరిగి నివేదిక ఇస్తే, 1931లో దుమ్ము అదుపు చేసే నిబంధనలు వచ్చాయి. 1960లో దక్షిణాఫ్రికా గనుల ప్రాంతం నుంచి వాగ్నర్, ఆయన సహచరులు 33 మీసోథీలియోమా కేసులను ప్రచురించారు. ఆ రోగుల్లో గని కార్మికులే కాదు, చిన్నప్పుడు ఆ గనుల పక్కన పెరిగినవాళ్ళు కూడా ఉన్నారు. వాగ్నర్‌కి అది తెలిసిందంటే ప్రతి మనిషి బతుకునీ చిన్నతనం దాకా వెనక్కి అడిగారు కాబట్టే. మనం చెయ్యాల్సిన పని కూడా అదేనండి.

ఈ ఖనిజం మన రాష్ట్రానికి పరాయిదేమీ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార తవ్వారు. మన దేశంలో గనులు దాదాపుగా ఆగిపోయాయి, కానీ దిగుమతి ఆగలేదు. యూరప్ దేశాల్లో నిషేధం ఉంది, ఇక్కడ తెల్ల రాతినారతో చేసిన సిమెంటు రేకులు ఇప్పటికీ అమ్ముతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తెల్లదీ, గోధుమదీ, నీలందీ, అన్ని రకాలనీ క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలోనే పెట్టింది. తెల్లది మంచిదని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఇక చట్టం. వకీళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూలులో ఈ జబ్బులున్నాయి. ఆస్బెస్టోసిస్ "సి" భాగంలో ఉంది. రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా "బి" భాగంలో ఉన్నాయి. ఈఎస్ఐ చట్టంలోనూ ఇలాంటి జాబితాయే ఉంది. ఆ రెండు చట్టాల స్థానంలో 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా వృత్తి వ్యాధుల జాబితా మూడో షెడ్యూలే. ఏ కేసుకి ఏ చట్టం వర్తిస్తుందో మీరు చూసుకుంటారు. నేను మీ దృష్టికి తెచ్చేది ఒకే ఒక్క మాట. షెడ్యూలులో జబ్బు ఎదురుగా ఏ పనులకి వర్తిస్తుందో రాసినచోట బాయిలర్ ఖలాసీ అనో లాగింగ్ (వేడి పోకుండా గొట్టాలకి వేసే పూత) మేస్త్రీ అనో లేదు. ఆ ప్రమాదానికి గురయ్యే పని ఏదైనా సరే అని ఉంది. చట్టమే హోదా అడగడం లేదు, మనం ఎందుకు హోదా దగ్గర ఆగిపోవాలి?

1923 చట్టం ప్రకారం "బి" భాగం జబ్బుకి ఆరు నెలలకి తగ్గకుండా వరసగా ఆ పనిలో ఉన్నట్టు చూపిస్తే, అది పని వల్ల వచ్చినదేనని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది యజమాని. "సి" భాగం జబ్బు మనిషి ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర అదే పని చేసుంటే, పరిహార కేసులు విచారించే కమిషనర్ న్యాయమనుకున్న వాటాల్లో అందరూ కట్టాలని ఆ చట్టం సెక్షన్ 3(2ఎ)లో ఉంది. కంట్రాక్టర్లు మారిన కేసుల్లో ఇది మరిచిపోకండి. చిక్కంతా గడువు దగ్గర. పని మానేసిన రెండేళ్ళలోపు లక్షణాలు కనబడితే అన్న మాట అదే చట్టం పదో సెక్షన్‌లో ఉంది. ముప్పై ఏళ్ళకి బయటపడే జబ్బుకి రెండేళ్ళ కొలతా! నాకు ఎప్పుడు చదివినా బాధేస్తుంది. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కి ఉంది. అందుకని, ఇది వృత్తి వ్యాధి అని డాక్టర్ మొదటిసారి రాసిచ్చిన చీటీ తేదీ చాలా విలువైనది. దాన్ని లామినేషన్ చేయించి దాచుకోమని చెప్పండి.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని రాజ్యాంగం 21వ అధికరణం కింద చెప్పింది. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుడి వైద్య రికార్డునీ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు గానీ, మానేసిన తరువాత 15 ఏళ్ళు గానీ, ఏది తరువాత వస్తే అంతవరకూ దాచాలని ఆదేశించింది. కాబట్టి రేకుల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి కేసులో "రికార్డులు లేవు" అని యాజమాన్యం అంటే, దాచాల్సిన బాధ్యత ఎవరిదని అడగండి. అయితే చక్కెర మిల్లు, రైస్ మిల్లు లాంటివి మేము రాతినార పరిశ్రమ కాదంటాయి. అక్కడ మీకు సాక్ష్యం వేరే దారిలో కావాలి.

ఆ దారి మనిషిని అడగడమే. ఎలా అడగాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ కేసులు ఇక్కడే పాడవుతున్నాయి.

"ఆస్బెస్టాస్ వాడారా?" అని మాత్రం అడగకండి. మన దగ్గర ఆ మాటకి అర్థం ఇంటి పైకప్పు రేకు. బాయిలర్ గొట్టానికి పూసినదాన్ని వాళ్ళు మెగ్నీషియా అంటారు. పాత మెగ్నీషియా పూతలో 85 శాతం మెగ్నీషియం కార్బొనేటు, మిగతా 15 శాతం రాతినార. బాయిలర్ తలుపు చుట్టూ పెట్టేదాన్ని తాడు అంటారు. ఫ్లాంజీల మధ్య, అంటే గొట్టాలు కలిపి బిగించే అంచుల మధ్య, పెట్టేది అట్ట, గాస్కెట్. పంపు షాఫ్ట్‌కి చుట్టేది గ్లాండ్ ప్యాకింగ్. పాత లారీ బ్రేకులకి వేసేది లైనింగ్. పేరు మీరు చెప్పకండి, వాళ్ళ పేరుతోనే చెప్పనివ్వండి. రంగు ఏమిటి, తడిపి కలిపేవారా పొడిగానా, చేత్తో గిల్లితే పోగులు వచ్చేవా, గోనెసంచిలో వచ్చేదా ప్లాస్టిక్ సంచిలోనా, ఖాళీ సంచులు ఏం చేసేవారు, ఇలా అడగండి. ఖాళీ సంచి దులపడం కంటే ఎక్కువ దుమ్ము రేపే పనులు అరుదు. ఆ పని ఎప్పుడూ అందరికంటే చిన్నవాడికే చెబుతారు.

మన చక్కెర మిల్లులకి ఒక సౌకర్యం ఉంది, ఏడాది పనికి ఒక లయ ఉంటుంది. గానుగ ఆడే సీజన్, తరువాత ఆఫ్ సీజన్ మరమ్మతులు. "ఏ సంవత్సరం?" అంటే మనిషికి చెప్పడం కష్టం. "పెద్దమ్మాయి పెళ్ళికి ముందా తరువాతా?" "86 గోదావరి వరదకి ముందా?" "కోనసీమ తుపాను నాటికి మీరు ఇంకా అక్కడే ఉన్నారా?" అంటే చెబుతారు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబర్ 6 తుపాను మన మనుషుల జ్ఞాపకంలో మైలురాళ్ళలా పాతుకుపోయి ఉన్నాయి. వాటికి కట్టి అడిగితే సంవత్సరాలు వాటంతటవే వరసలో పడతాయి.

తన పనే కాదు, పక్కవాడి పని కూడా అడగాలి. వెల్డరు రాతినార ముట్టుకోకపోవచ్చు. కానీ అతని నెత్తిమీద పరంజా ఎక్కి ఎవరో పాత లాగింగ్ సుత్తితో కొడుతుంటే, ఆ తెల్లదంతా వెల్డరు మీద కూడా పడుతుంది. ఊడ్చే ఆడవాళ్ళని ఎవరూ అడగరు. మస్టరులో వాళ్ళ పేర్లే ఉండవు. నా అనుభవంలో ఎక్కువ దుమ్ము తిన్నది వాళ్ళే. ఇంటి దగ్గర ఖాకీ బట్టలు దులిపి ఉతికిన భార్యని కూడా అడగండి. 1965లో లండన్‌లో న్యూహౌస్, థామ్సన్ చేసిన అధ్యయనంలో మీసోథీలియోమా రోగుల్లో అలాంటి కుటుంబ సభ్యులున్నారు. ఆమెకి పరిహార చట్టం వర్తించదు, అది నిజంగా అన్యాయం. కానీ భర్త కేసులో ఆమె మంచి సాక్షి. బట్టలు ఉతికిన నీళ్ళు ఏ రంగులో ఉండేవో ఆమెకే తెలుసు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. మనం జాలితో అడిగితే మనిషి మనకి కావలసిన జవాబే ఇస్తాడు. ఒకాయన వచ్చారు, ఆయాసంతో, బాయిలర్ ఇన్సులేషన్ పని చేశానని. కొడుకులు కూడా ఆశతో వచ్చారు. అడుగుతూ పోతే ఆ ఇన్సులేషన్ పసుపుపచ్చగా, దూదిలా ఉండేదని తెలిసింది. చేతులూ మెడా రాత్రంతా దురద పెట్టేవట. అది గ్లాస్ వూల్, అంటే గాజుతో చేసిన దూది. ఒక్క దురదతో తేల్చెయ్యకూడదు కాబట్టి ఆ యూనిట్ కట్టిన ఏడాది, కొనుగోలు బిల్లులు కూడా చూశాం. రాతినార ఎక్కడా లేదు. స్కాన్‌లోనూ పలకలు లేవు. ఆయనది చుట్ట వల్ల పాడైన ఊపిరితిత్తి. ఆ మాట కొడుకులకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. కానీ అలాంటి కేసుకి సంతకం పెడితే, రేపు మన స్టోర్ హెల్పర్ కేసులో నా సంతకాన్ని ఎవరూ నమ్మరు. నా నివేదికలో ప్రతి పనికీ ఎదురుగా ఖచ్చితం, చాలావరకు నిజం, కావచ్చు, ఈ మూడింట్లో ఒకటి రాస్తాను. "కావచ్చు" అన్నదాన్ని ఎంత ఒత్తిడి వచ్చినా "ఖచ్చితం" చెయ్యను.

కాగితాలు లేవంటారు కానీ వెతికితే చాలా ఉంటాయండి. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, సంఘం చందా రసీదులు, గేట్ పాస్, ఆయుధపూజ రోజు బాయిలర్ ముందు తీయించుకున్న గ్రూప్ ఫొటో. ఆ ఫొటోలు నాకు ఎన్నోసార్లు పనికొచ్చాయి. మనుషుల వెనకాల గొట్టాల లాగింగ్ ఊడి వేలాడుతూ కనబడుతుంది. బాయిలర్‌కి చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉంటుంది, తనిఖీ ఫైలు ఉంటుంది, తయారైన సంవత్సరం దాని మీదే ఉంటుంది. స్టోర్ ఇష్యూ రిజిస్టరులో తాడు ఎన్ని కిలోలు ఇచ్చారో ఉంటుంది. ఫ్యాక్టరీల శాఖ దగ్గర ఉన్నవాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గల్ఫ్ వెళ్ళొచ్చిన కోనసీమ వాళ్ళకి పాస్‌పోర్టు ముద్రలే సర్వీసు రిజిస్టరు. రిఫైనరీలు మరమ్మతులకి ఆపే షట్‌డౌన్లలో ఎన్ని నెలలు చేశారో వాటి నుంచే లెక్క తీశాను. పాత పాస్‌పోర్టు పారెయ్యొద్దని మీ ఊళ్ళో అందరికీ చెప్పండి.

ఇప్పుడు లెక్క. "ఏడాదికి ఇరవై రోజుల పనే కదా" అన్న వాదన మీరు ప్రతి కేసులో వింటారు. దానికి జవాబు నోటితో కాకుండా లెక్కతో చెప్పాలి.

గాలిలో దుమ్మును ఒక మిల్లీలీటరుకి ఎన్ని పోగులు అని కొలుస్తారు. 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పొడవు, 3 మైక్రాన్ల కంటే సన్నం, పొడవు వెడల్పుకి కనీసం మూడింతలు ఉంటేనే పోగు కింద లెక్క. మిల్లీలీటరుకి ఒక పోగు ఉన్న గాలిని ఒక పూర్తి పని సంవత్సరం పీలిస్తే ఒక పోగు-సంవత్సరం. పని సంవత్సరమంటే రోజుకి 8 గంటల చొప్పున 240 రోజులు, అంటే 1920 గంటలు. 1997లో ఫిన్లండ్‌లోని హెల్సింకీలో నిపుణులు కూర్చుని, 2014లో మళ్ళీ సవరించిన ప్రమాణాల ప్రకారం 25 పోగు-సంవత్సరాలు దాటితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. జర్మనీలో వృత్తి వ్యాధుల విచారణ ఇదే 25 మీద నడుస్తుంది. రెట్టింపే ఎందుకంటే, ముప్పు రెట్టింపైనచోట ఆ జబ్బు రావడానికి పని కారణమయ్యే అవకాశం సగానికి చేరుతుంది. సివిల్ కేసులో తూచేది కూడా ఏ వైపు మొగ్గు ఉందనే కదా.

మన చక్కెర మిల్లు లాగింగ్ మనిషిని తీసుకోండి. ఆఫ్ సీజన్‌లో ఏడాదికి 20 రోజులు, రోజుకి 4 గంటలు పాత పూత పొడిగా కొట్టి ఊడదీస్తాడు. అలాంటి పొడి పనిలో మిల్లీలీటరుకి నూరు పోగులు దాటిన కొలతలు బ్రిటన్ ఆరోగ్య భద్రతా విభాగం పత్రాల్లో ఉన్నాయి. నేను అందులో సగం, 50 మాత్రమే తీసుకుంటాను. ఏడాదికి 80 గంటలు. అలా 12 ఏళ్ళు చేస్తే 960 గంటలు, అంటే సరిగ్గా సగం పని సంవత్సరం. దాన్ని 50తో హెచ్చించండి. 25 పోగు-సంవత్సరాలు! ఏడాదికి ఇరవై రోజుల పని చేసిన మనిషి జర్మనీ గీత దగ్గర నిలబడ్డాడు. ఈ లెక్క నోట్ చేసుకోండి, కావాలంటే మళ్ళీ చెబుతాను.

ఇందులో 50 అన్నది నేను ఎంచుకున్న అంకె అని, ఆ ఫ్యాక్టరీలో ఎవరూ కొలవలేదని అవతలి వకీలు అంటాడు. నిజమే. కొలవాల్సినవాళ్ళు కొలవలేదు. అందుకే పనిని అంత వివరంగా అడగాలంటున్నాను. పొడిగానా తడిపా, లోపలా బయటా, ఎన్ని గంటలు, పైన గాలి లాగే ఫ్యాను ఉందా, ఇవి తెలిస్తే ఇంకోచోట అదే పనికి తీసిన కొలతను తెచ్చి పక్కన పెట్టవచ్చు. తక్కువ అంచనా ఒకటి, ఎక్కువ అంచనా ఒకటి, రెండూ రాయండి. తక్కువ అంచనాతోనే కేసు నిలబడితే ఎదుటివాళ్ళకి మాట ఉండదు. మీసోథీలియోమాకి మాత్రం ఈ 25తో సంబంధం లేదు. చాలా తక్కువ మోతాదుతోనూ, కొద్దికాలం పనితోనూ అది వచ్చిన కేసులున్నాయి. ఆ జబ్బు మనిషిని చూస్తే "25 రాలేదు" అని ఎవరూ వెనక్కి పంపకూడదు.

వైద్య విద్యార్థులకి రెండు మాటలు. ఊపిరితిత్తి కడిగిన నీటిలో ఆస్బెస్టాస్ బాడీలు, అంటే ఒంట్లో ఇనుము పూత పట్టిన రాతినార పోగులు, కనబడితే మంచి సాక్ష్యమే. కనబడకపోతే పని చెయ్యలేదని కాదు. తెల్ల రాతినార పోగులు మిగతా రకాలకంటే త్వరగా విరిగి బయటికి పోతాయి, మచ్చ మాత్రం మిగిలిపోతుంది. మన దేశంలో ఎక్కువగా వాడింది తెల్లదే. అందుకే ఇక్కడ పని చరిత్రకి ల్యాబ్ కంటే ఎక్కువ బలం. రెండోది, ఆయాసంతో వచ్చిన ప్రతి కార్మికుడికీ టీబీ అని రాసే అలవాటు మానుకోండి. పరీక్షలో క్రిమి లేకుండా రెండోసారి మందులు మొదలుపెట్టేముందు, ఒక్కసారి ఏం పని చేసేవాడివి నాయనా అని అడగండి.

చుట్ట సంగతి. మన లంక పొగాకు చుట్ట కాల్చని ముసలివాడు ఈ డెల్టాలో ఎంతమంది ఉంటారు? "పొగతాగేవాడు, కాబట్టి పని వల్ల కాదు" అని ఒక్క వాక్యంతో ఎన్ని దరఖాస్తులు కొట్టేశారో! మీసోథీలియోమాకి పొగాకుతో సంబంధమే లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రెండూ కారణాలే, పైగా ఒకదాన్నొకటి పెంచుతాయి. అమెరికాలో ఇన్సులేషన్ కార్మికుల మీద సెలికాఫ్, హామండ్ 1979లో ఇచ్చిన లెక్క చూడండి. పొగా రాతినారా రెండూ లేనివాడి ముప్పు 1 అనుకుంటే, రాతినార ఒక్కటే ఉంటే 5, పొగ ఒక్కటే ఉంటే 11, రెండూ ఉంటే 53. చుట్ట తాగాడన్నది యజమాని బాధ్యతను తీసెయ్యదు. ఆ మనిషిని దుమ్ములోకి పంపడం ఇంకా ఎంత ప్రమాదమో చెబుతుంది.

మీ ప్రశ్నలకి సమయం ఉంచమన్నారు. అడగండి. ఆ... వెనక పెద్దాయన, చెప్పండి బాబాయిగారూ.

(సభలో నుంచి: నేను ఫ్యాక్టరీ మనిషిని కాదండి. రేకుల మేస్త్రీని. తుపాను తరువాత అమలాపురం పక్క ఊళ్ళల్లో రేకులు వేశాను. మరి నాకేమైనా లెక్క వస్తుందాండి?)

తప్పకుండా లెక్క వేద్దామండి. ఎన్నాళ్ళు చేశారు? సంక్రాంతి దాకానా? నవంబర్ నుంచి సంక్రాంతి అంటే డెబ్బై రోజులు అనుకుందాం. రేకులు దేంతో కోసేవారు? చేతి రంపమా? రోజుకి కోత పని ఎంతసేపు, రెండు గంటలా? సరే. చేతి రంపంతో సిమెంటు రేకు కోస్తే మిల్లీలీటరుకి ఒక పోగు దాకా వస్తుంది. డెబ్బై రోజులు రెండేసి గంటలు, 140 గంటలు. 1920లో 140 అంటే 0.07. అంటే ఒక పోగు-సంవత్సరంలో పదో వంతు కూడా కాదు. ఈ ఒక్క పని గురించి మీరు టెన్షన్ పడొద్దు. కానీ అక్కడితో ఆపకండి. ఆ తరువాత రేకుల పని మానేశారా?

(లేదండి. కోళ్ళఫారాల షెడ్లు చేశాను, అనపర్తి వైపు. అప్పటికి కోత మెషీను కొన్నామండి.)

తిరిగే రాయి ఉన్న మెషీనేనా? నీళ్ళు పోసేవారా? పొడిగానే. అయితే ఇది వేరే లెక్క. ఆ మెషీనుతో పొడిగా కోస్తే 15 నుంచి 25 పోగుల దాకా వస్తాయి. చేతి రంపంతో ఏడాదంతా కోసినంత దుమ్ము, మెషీనుతో పక్షం రోజుల్లో వచ్చేస్తుంది. షెడ్డు కప్పాక లోపల కూడా కోసేవారా? మీ పక్కన ఎవరు పట్టుకునేవారు, మీ అబ్బాయా? ఆయన్ని కూడా ముందుకు రమ్మనండి. ఎవరైనా ఆయనకి ఒక కాగితం, పెన్ను ఇవ్వండి. బాబాయిగారూ, మెషీను కొన్నది ఏ ఏడాదో చెప్పండి. మొదటి షెడ్డు ఎవరిది, ఎంత పొడవు, ఎన్నాళ్ళు పట్టింది, అక్కడి నుంచి రాసుకుందాం.